ముక్కుగారి కర్పూర వైద్యం

సబ్బుల ఫ్యాక్టరీలో వాసన చూసే ఉద్యోగం చేస్తున్న ఒకాయనకు జలుబు చేసి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ అది ఆయన ముక్కులోని వాసనను కూడా వెంటబెట్టుకుపోయింది. ఈ సంగతి ఆయనకు పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఉండగా తెలిసింది. నోటినిండా పేస్టు నురుగు ఉంది గాని వాసన లేదు. కొబ్బరినూనె సీసా మూత తీసి చూశాడు, లేదు. నిన్నటి సాక్సు వెతికి తీసి చూశాడు, దానికీ లేదు. సాక్సుకే వాసన లేకపోయేసరికి లోపం ప్రపంచంలో లేదని, తనలోనే ఉందని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న మరుక్షణం ఇంకో నిర్ణయం కూడా తీసుకున్నాడు. ఈ విషయం భార్యకు తెలియకూడదు.

ఎందుకు తెలియకూడదో చెప్పాలంటే ముందు ఆ ముక్కు సంగతి చెప్పాలి. ఆయన్ని అందరూ ముక్కుగారనే అంటారు. పెట్టిన పేరు ఒకటుంది గాని ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలకడు. ఫ్యాక్టరీలో పాకం దిగినప్పుడల్లా ఒక సబ్బు ముక్క ఆయన బల్ల మీదికి వస్తుంది. ఆయన కళ్ళు మూసుకుని పీలుస్తాడు. తల ఆడిస్తే ఆ సరుకు పెట్టెల్లోకి వెళ్తుంది. పెదవి విరిస్తే మళ్ళీ బాణలిలోకి వెళ్తుంది. అంతే ఉద్యోగం.

ఆ పెదవి విరుపును ఆయన సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గరే వదిలేసి వచ్చి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. ఆయన దాన్ని బస్సెక్కించి ఇంటికి తెచ్చేవాడు. వీధి మలుపులోనే నిలబడి ఒక్కసారి గాలి పీల్చి, ఇంట్లో ఏం కూర వండారో, అందులో ఏం తక్కువైందో చెప్పేసేవాడు. గేటు తీసేలోపు తీర్పు అయిపోయేది. కంచం ముందు కూర్చున్నాక చెప్పడానికి కొత్తగా ఏమీ ఉండేది కాదు గనుక మౌనంగా తినేవాడు.

భార్య బడిలో టీచరు. ఆవిడ ఒకటి రెండుసార్లు, ముక్కుతో తినేశాక నోటికి మళ్ళీ వడ్డించడమెందుకని అడిగి చూసింది. ఆయన దాన్ని ప్రశంసగా తీసుకున్నాడు. అప్పటినుంచి ఆవిడ ఏమీ అనడం లేదు. టీచర్లు ఏమీ అనకుండా ఉన్నారంటే మార్కులు వేస్తున్నారని అర్థం. అది ముక్కుగారికి కూడా తెలుసు. అందుకే ఆ పొద్దున బ్రష్షు కడుక్కుని తిన్నగా వెనకగదిలోకి, తల్లి దగ్గరికి వెళ్ళాడు.

ఆవిణ్ణి ఇంట్లో పెద్దావిడ అంటారు. ఆవిడకు తెలిసిన మందు ఒక్కటే, కర్పూరం. జలుబుకు కర్పూరం, మోకాలి నొప్పికి కర్పూరం, తలనొప్పికి కర్పూరం, చక్కెర డబ్బాలో చీమలకు కూడా కర్పూరమే. ఆవిడ లెక్కలో రోగాలు రెండే రకాలు. కర్పూరంతో తగ్గేవి, కర్పూరం చాలనివి.

"అమ్మా, ముక్కు పోయింది" అన్నాడు ముక్కుగారు గొంతు తగ్గించి.

పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని కొడుకు మొహంలోకి చూసింది. "ఉంది కదరా" అంది.

ఆయన తలుపు దగ్గరగా వేసి విషయమంతా వివరించాడు. పెద్దావిడ పెద్దగా కంగారుపడలేదు. మంచం కింది రేకుపెట్టె లాగి, అందులోంచి కర్పూరం డబ్బా తీసింది. నాలుగు బిళ్ళలు చిదిపి మెత్తటి పాతగుడ్డలో మూట కట్టి, జేబులో పెట్టుకుని అస్తమానం పీలుస్తూ ఉండమంది. నూనె వెచ్చజేసి, పొయ్యి మీంచి దించాక అందులో కర్పూరం కరిగించి ఛాతీకీ వీపుకూ రాసుకోమంది. సాయంత్రాలు వేణ్ణీళ్ళలో చిటికెడు వేసి దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టమంది. నోట్లో మాత్రం వేసుకోవద్దు, కంట్లో పడనీయొద్దు, మంట దగ్గరికి తీసుకుపోవద్దు.

"ఘాటు తగలగానే ముక్కు తెరుచుకుంటుంది" అంది.

"తగలకపోతే?"

"ఇంకో రెండు బిళ్ళలు వెయ్యి."

ఈ ఒక్క మాట దగ్గరే వైద్యం అదుపు తప్పింది. ఘాటు తగిలిందో లేదో చెప్పాల్సిన ముక్కే పనిచేయడం లేదాయె. ముక్కుగారు మూట పీల్చాడు, తగల్లేదు. రెండు బిళ్ళలు వేశాడు. తగల్లేదు. ఇంకో రెండు వేశాడు. స్నానం చేసి బట్టలు వేసుకునేసరికి జేబులో మూట నిమ్మకాయంత అయింది. ఛాతీకి పూసింది చాలదేమోనని మెడకూ చెవుల వెనకా పూసుకున్నాడు. అయినా చుట్టూ గాలి నిర్మలంగానే ఉంది. అమ్మ కర్పూరం పాతబడి సారం పోయిందేమోనని అనుమానం వచ్చింది గాని, ఆవిడ మనసు నొప్పించడం ఇష్టంలేక ఊరుకున్నాడు.

ఆ రోజు బస్సులో ఒక విచిత్రం జరిగింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా లేచి ఆయనకు చోటిచ్చారు. ముగ్గురు కూర్చునే సీటులో ఆయన ఒక్కడే కూర్చున్నాడు. పక్కవరసలో ఒకాయన కిటికీ తెరిచి, ప్రయాణమంతా తల బయటపెట్టి ప్రకృతిని చూస్తూనే ఉన్నాడు. మర్నాడూ అంతే. మూడోనాటికి ఆయన ఎక్కగానే ముందు మెట్టు దగ్గర దారి దానంతటదే విడిపోయేది. తలవెంట్రుకలు నెరిసినందుకు ఇన్నాళ్ళకు సమాజం తనను గుర్తించిందని ఆయనకు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని భార్యతో పంచుకున్నాడు కూడా.

"ఈ మధ్య జనంలో మర్యాద పెరిగిందోయ్."

"పక్కన కూడా ఎవరూ కూర్చోవడం లేదా?" అని అడిగింది టీచరమ్మ, దిద్దుతున్న కాగితాల్లోంచి తలెత్తకుండా.

"లేదు. సంకోచిస్తున్నారు."

"అయితే గౌరవమే" అంది ఆవిడ. లేచి వెళ్ళి కిటికీ రెక్కలు రెండూ తెరిచి వచ్చి మళ్ళీ దిద్దుకుంది.

ఇంట్లో అసలు చిక్కు వీధి మలుపులో ఇచ్చే తీర్పు దగ్గర వచ్చింది. అది మానేస్తే ఆవిడకు అనుమానం వస్తుంది. చెబుదామంటే వాసన లేదు. ముక్కుగారు దీనికో ఉపాయం పన్నాడు. ఆయన వచ్చేవేళకు పెద్దావిడ వీధివైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. వంకాయ కూరైతే ఒకసారి దగ్గాలి. బంగాళాదుంపైతే రెండుసార్లు. చిక్కుడుకాయైతే మూడు. ఆ వారం ఇంట్లోకి తెచ్చిన కూరలు అవే. పెద్దావిడ ఈ ఏర్పాటుకు వెంటనే ఒప్పుకుంది. ఈ వయసులో దగ్గితే చాలనే పని ఎవరిస్తారు.

మొదటి సాయంత్రం కిటికీలోంచి ఒకే ఒక్క దగ్గు, నిండుగా, స్పష్టంగా వినిపించింది. ముక్కుగారు మలుపులో ఆగి, ఆనవాయితీగా గాలి పీల్చి, "వంకాయ" అంటూ గేటు తీశాడు. టీచరమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఏం తక్కువైందని అడిగింది. ఆయన ఈ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు. దగ్గులో ఆ వివరాలు లేవు. ఏదో ఒకటి తక్కువైందని చెప్పి దొరికిపోవడం కన్నా మెచ్చుకుని తప్పించుకోవడమే క్షేమమని తోచింది. ఏమీ తక్కువ కాలేదని, అమోఘంగా ఉందని అన్నాడు. కంచం ముందు కూడా అదే మాట అన్నాడు. పెళ్ళయిన నాటినుంచి ఆ ఇంట్లో అమోఘం అనే మాట వాడటం అదే మొదలు. టీచరమ్మ అడక్కుండానే ఇంకో గరిటె వడ్డించింది.

ఆ తర్వాత ఆయనకు మెచ్చుకోవడం అలవాటైపోయింది. అడుగంటిన పాలు తాగి, ఇలాంటి పాలు ఈమధ్య తాగలేదన్నాడు. ఆ మాట నిజమే. మాడిన రొట్టె తిని, ఆవిడ చేతిలో ఏదో ఉందన్నాడు. జవాబు రాని కుర్రాడు పేజీలు నింపినట్టు మెచ్చుకుంటూ పోయాడు. టీచరమ్మ అన్నీ వింటూ, ఏమీ అనకుండా, మళ్ళీ మళ్ళీ వడ్డిస్తూ వచ్చింది.

ఒకరోజు మాత్రం ఆయన మలుపు తిరిగేసరికి కిటికీలోంచి దగ్గు మొదలై, ఆగలేదు. మూడు దాటింది, ఆరు దాటింది. ముక్కుగారు మలుపులో నిలబడి లెక్కపెట్టి లెక్కపెట్టి చివరికి వదిలేశాడు. అన్ని దగ్గులకు సరిపోయే కూర ఆయనకు తెలిసి భూమ్మీద లేదు. ధైర్యం చేసి లోపలికి నడిచాడు.

"ఇవాళ చాలా రకాలు చేసినట్టున్నావే" అన్నాడు.

"ఇవాళ పొయ్యి వెలిగించలేదండీ" అంది టీచరమ్మ. "బళ్ళో మీటింగు. ఇప్పుడే వచ్చాను. అత్తయ్యకు మరమరాలు గొంతుకు అడ్డంపడ్డాయి."

ముక్కుగారు చెప్పులు విడవడంలో నిమగ్నుడైపోయాడు.

ఇంట్లో బండి ఇలా నడుస్తూ ఉండగా ఫ్యాక్టరీలో పని ముదిరింది. అక్కడ ఆయన బండి నడిపిన పద్ధతి ఏమిటంటే, సబ్బు వైపు చూడటం మానేసి పాకం కలిపే మేస్త్రీ మొహం వైపు చూడటం. మేస్త్రీ తన పని తాను చేసుకుపోయే మనిషి. కలిపింది బాగా కుదిరితే మొహం తేటగా ఉంటుంది, కుదరకపోతే ముడుచుకుపోతుంది. ముక్కుగారు కళ్ళు మూసినట్టే మూసి, రెప్పల సందులోంచి ఆ మొహం చూసి తల ఆడించేవాడు. ఇన్నేళ్ళూ అనవసరంగా ముక్కును శ్రమపెట్టానేమోనని కూడా ఒకసారి అనిపించింది.

అన్నాళ్ళూ దిగింది వేపసబ్బు గనుక దాని ఘాటులో కర్పూరం కలిసిపోయింది. పదోరోజున పెద్ద బేరం తాలూకు మల్లె సబ్బు దిగింది. మేనేజరు స్వయంగా పరీక్ష గదిలోకి వచ్చాడు. ఆయన భారీ మనిషే గాని స్వభావం మెత్తన. గుమ్మంలోనే ఆగి, ముక్కు ఎగబీల్చి, బల్ల మీది సబ్బు తీసి వాసన చూసి, మేస్త్రీ వైపు తిరిగాడు. మేస్త్రీ మొహం అప్పటికే ముడుచుకుపోయింది.

"ముక్కుగారూ, మీకేం తెలుస్తోంది ఇందులో?" అన్నాడు మేనేజరు.

ముక్కుగారు మేస్త్రీ మొహం చూశాడు. ఏదో కుదరలేదని అర్థమైంది గాని ఏది కుదరలేదో ఆ మొహం మీద రాసిలేదు. సబ్బు మీద మల్లెపువ్వు బొమ్మ ఉంది. "మల్లె" అన్నాడు. "నిక్షేపంలాంటి మల్లె."

"కర్పూరం కొట్టడం లేదూ?"

కర్పూరం అన్న మాట వినగానే ముక్కుగారి చెయ్యి జేబు వైపు వెళ్ళబోయి ఆగింది. ఆయన శాంతంగా ఆలోచించాడు. జేబులో మూట తన ముక్కుకు జానెడు దూరంలో ఉంది. అయినా తనకే వాసన రావడం లేదు. అలాంటిది బల్లకు అవతల ఉన్న మేనేజరుకు ఎలా వస్తుంది? రాదు. కనుక ఇది వేరే కర్పూరం. ఈ వాదంలో ఆయనకు ఎక్కడా తప్పు కనిపించలేదు.

"ఉంది. అడుగున, సన్నగా" అన్నాడు. "బయటినుంచి వచ్చి పడింది."

ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకోగలిగేది ఆయనొక్కడేనని మేనేజరు బతిమాలాడు. ముక్కుగారు చేతులు వెనక్కి కట్టుకుని, తల ఎత్తి బయల్దేరాడు. వెనక మేనేజరు, ఆయన వెనక మేస్త్రీ, ఆ వెనక పెట్టెలు సర్దే ఆడవాళ్ళు. ముందు అత్తర్ల గదిలోకి వెళ్ళారు. అక్కడ ఉందని అందరూ అన్నారు. బాయిలర్ గదిలోకి వెళ్ళారు. అక్కడ కూడా ఉందన్నారు. పెరట్లోకి, నాలుగు దిక్కులా గాలి వీచే చోటికి వెళ్ళారు. అక్కడా ఉందనేసరికి మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. చివరికి మేనేజరు గదిలోకి వెళ్ళారు. మేనేజరు తన కుర్చీని, పరదాలను వాసన చూసి కూలబడ్డాడు.

"పొద్దున నా గదిలో లేదండీ ఇది" అన్నాడు నీరసంగా.

"వ్యాపిస్తోంది" అన్నాడు ముక్కుగారు గంభీరంగా.

ఫ్యాక్టరీ అంతా ముక్కున వేలేసుకుంది. ఆశ్చర్యంతో కాదు. బాణళ్ళన్నీ ఖాళీ చేయించి కడిగించారు. దిగిన మల్లె సబ్బంతా పక్కన పడేశారు. ఒకచోట మొదలుకాకుండా ఇంత వాసన పుట్టదు గదా అని మేనేజరు ఆలోచించి ఆలోచించి, పాకంలో ఏదో పొరపాటున పడి ఉంటుందని తేల్చాడు. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దని మేస్త్రీతో చెప్పాడు.

మేస్త్రీ గొడవపడలేదు. అంగోస్త్రం భుజాన వేసుకుని తిన్నగా ముక్కుగారి బల్ల దగ్గరికి వచ్చాడు.

"నేనేం కలపలేదని మీరొక్క మాట చెప్పండి సార్. మీ ముక్కు చెప్పిందంటే మేనేజరుగారు కాదనరు."

ఆ ముక్కు ముక్కుగారికే ఏమీ చెప్పే స్థితిలో లేదు. చూద్దాం, రేపు మాట్లాడతాను అని నసిగాడు. మేస్త్రీ తలూపి వెళ్ళిపోయాడు. బల్ల ఎదుట రోజూ కనబడే మొహం ఇక కనబడదే, రేపటినుంచి ఎవరి మొహం చూసి తల ఆడించాలి అన్నది ముక్కుగారికి ముందు తోచిన ఆలోచన. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. సిగ్గు వచ్చాక బస్సెక్కేదాకా అది తగ్గలేదు.

బస్సులో చెమట తుడుచుకుందామని జేబులోంచి రుమాలు లాగితే మూట జారి కింద పడింది. వంగి తీసుకుంటూ ఉండగా ముందుసీటులో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడం వినబడింది.

"ఈ కర్పూరం ఆయన రోజూ ఈ బస్సుకేనా?"

"రోజూ ఇదే. అందుకే నేను ముందే కిటికీ పక్కన కూర్చుంటాను."

ముక్కుగారు వంగినవాడు వంగినట్టే కాసేపు ఉండిపోయాడు. విడిపోయిన దారి, ఖాళీ సీట్లు, తల బయటపెట్టి ప్రకృతిని చూసిన పెద్దమనిషి, అత్తర్ల గది, పెరడు, మేనేజరు పరదాలు అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చి ఆయన ముందు నిలబడ్డాయి. చివర్లో అంగోస్త్రం భుజాన వేసుకుని మేస్త్రీ వచ్చాడు. తన స్టాపు ఇంకా రాకుండానే దిగి, మిగతా దూరం నడిచాడు.

ఇంటి దగ్గర మలుపులో ఆగలేదు. గాలీ పీల్చలేదు. కిటికీలో పెద్దావిడ రెండుసార్లు దగ్గింది. ఆయన పట్టించుకోలేదు. టీచరమ్మ బల్ల దగ్గర కూర్చుని ఎర్రసిరా పెన్నుతో దిద్దుకుంటోంది. ఆయన ఎదురుగా నిలబడి, ఒక మాట చెప్పాలన్నాడు.

"ముక్కు గురించేనా?" అంది ఆవిడ.

ముక్కుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఎప్పుడు తెలిసింది?"

"మొదటిరోజు పొద్దున్నే. మీరు గదిలోంచి బయటికి రాకముందే వాసన వచ్చింది. బాగా పూసుకున్నారు, సరే, వైద్యం. కానీ పూసుకున్నవాళ్ళు ఘాటుకు కళ్ళు నలుపుకుంటారు, కనీసం ముక్కు చిట్లిస్తారు. మీరు హాయిగా పేపరు చదువుకున్నారు."

"మరి అమ్మ దగ్గిన దగ్గులు?"

"మొదటిరోజు మీకోసం దగ్గారు. తర్వాత నాకోసం దగ్గారు. బంగాళాదుంప వండిన రోజు చిక్కుడుకాయ దగ్గమన్నాను. మీరు కంచంలోకి చూడకుండా నా మొహమే చూస్తూ తిని, చిక్కుడుకాయ అమోఘం అన్నారు."

వెనకగదిలోంచి పెద్దావిడ గొంతు వినబడింది. "ఎవరడిగితే వాళ్ళకి దగ్గానురా. నాకు ఇద్దరూ ఒకటే."

ముక్కుగారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదన్నాడు. టీచరమ్మ పెన్ను మూత పెట్టింది.

"నా వంట బాగుందని మీరు అన్నది ఈ పదిరోజులే. అబద్ధమని తెలుసు. అయినా వినడానికి బాగుంది. ముక్కు వచ్చేస్తే ఆగిపోతుంది కదా అని ఊరుకున్నాను."

ఆవిడ ఆ మాట కోపంగా అనలేదు. అలా అనుంటే ఆయనకు జవాబు చెప్పడం తేలికయ్యేది. ఆయన ఫ్యాక్టరీలో జరిగింది మొదటినుంచీ చెప్పాడు. ఊరేగింపు దగ్గర ఆవిడ పెదవులు బిగించి కిటికీ వైపు తిరిగింది. వెనకగదిలోంచి మాత్రం పెద్దావిడ నవ్వు ఆగకుండా వినబడింది. మేస్త్రీ పేరు రాగానే ఇద్దరూ నవ్వడం మానేశారు. తెల్లవారగానే వెళ్ళాలని, ముందు మేస్త్రీ ఇంటికి, తర్వాతే మేనేజరు దగ్గరికి అని టీచరమ్మ చెప్పింది. మూట ఇంట్లోనే పెట్టి వెళ్ళమంది.

మేస్త్రీ ఇంటి ముందు నీళ్ళగొట్టం బాగుచేసుకుంటున్నాడు. ముక్కుగారు చెబుతున్నంతసేపూ గొట్టం బిగిస్తూనే ఉన్నాడు. అంతా అయ్యాక, ఇంట్లోవాళ్ళు కూడా ఏం కలిపావని తననే అడిగారని మాత్రం అన్నాడు. క్షమించమని అడగడం ముక్కుగారికి అలవాటు లేదు గనుక రెండుసార్లు మొదలుపెట్టి మూడోసారికి పూర్తిచేశాడు. మేస్త్రీ చేతులు కడుక్కుని చొక్కా వేసుకుని ఆయనతో బయల్దేరాడు. బస్సులో మాత్రం చివరి సీటుకు వెళ్ళి కూర్చున్నాడు. ముక్కుగారి ఒంటిమీద కర్పూరం నూనె ఇంకా వదల్లేదట.

మేనేజరుకు అంతా విన్నాక ముందు ప్రాణం లేచి వచ్చింది. ఫ్యాక్టరీలో ఏ రోగమూ లేదు. పక్కన పడేసిన మల్లె సబ్బును ముక్కుగారు లేని గదిలో పెట్టి చూస్తే చక్కగా మల్లె వాసనే వేసింది. ఆ తర్వాత ఆయనకు కోపం వచ్చింది. వచ్చేసరికి చాలా ఆలస్యమైపోయి, గట్టిగా అరవడానికి కుదరలేదు. మేస్త్రీ చేతులు పట్టుకుని పనిలోకి రమ్మన్నాడు. ముక్కు తిరిగి వచ్చేదాకా సెలవు పెట్టుకోమని, వచ్చాక కూడా ఖాళీ జేబులతో రమ్మని ముక్కుగారికి చెప్పాడు. బయటికి వస్తూ ఉంటే పెట్టెలు సర్దే ఆడవాళ్ళలో ఒకావిడ, కర్పూరంగారు వెళ్తున్నారు జరగండని పక్కావిణ్ణి హెచ్చరించింది. మెల్లగానే అంది గాని ముక్కుగారికి చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

టీచరమ్మ ఆ సాయంత్రమే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు ఏమైందని అడగకముందే లేచి ఫ్యాను వేశాడు. జలుబు వెనకాల ఒక్కోసారి ఇలా అవుతుందని, దానంతటదే రావాలని, తొందరపెట్టొద్దని చెప్పాడు. కర్పూరంతో ముక్కు తేలికపడ్డట్టు అనిపిస్తుంది గాని, పోయిన వాసనను అది పట్టుకురాలేదన్నాడు. వంటింట్లో ఉండే ఘాటైన దినుసులు రోజూ రెండుపూటలా మనసుపెట్టి వాసన చూస్తూ ఉంటే మంచిదన్నాడు.

బయటికి రాగానే టీచరమ్మ ఆ సలహాకు అర్థం చెప్పింది. దినుసులుండేది వంటింట్లో. కనుక ఆయన ఉండాల్సింది కూడా వంటింట్లోనే. ఎలాగూ నిలబడి వాసన చూస్తారు గనుక, ఆ నిలబడ్డవాడు పొయ్యి మీద కూర కలియబెడితే చెయ్యి ఊరికే ఉండదు. వైద్యమూ అవుతుంది, వంటా అవుతుంది.

ముక్కుగారు వంట మొదలుపెట్టాడు. పోపు వేగిందో లేదో వాసనతో తెలుస్తుందని పెద్దావిడ చెప్పేది. ఆయనకు వాసన తెలియదు గనుక పొగ వచ్చాక తెలిసేది. రోజూ పోపు నల్లగా మాడేది. కూర అంతా ఆ చేదు పట్టేది. టీచరమ్మ బడినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చుని అది తినేది. మంచినీళ్ళు ఎక్కువ తాగేది గాని పెదవి మాత్రం విరవలేదు. బాగుందని చెప్పి లేచేది. ముక్కుగారు ఆవిడ మొహం రెప్పల సందులోంచి చూసేవాడు. అబద్ధమని తెలిసేది. అయినా వినడానికి బాగుండేది. పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డవాడికి ఆ ఒక్క మాట ఎంత అవసరమో ఆయనకు మొట్టమొదటిసారి తెలిసింది. తెలిసినకొద్దీ పాత సాయంత్రాలు గుర్తొచ్చి, గిన్నెలు తోముతూ ఒక్కడే తల అడ్డంగా ఆడించుకునేవాడు.

ఒక మధ్యాహ్నం నిమ్మకాయ కోస్తూ ఉంటే ఎక్కడినుంచో, పక్కవీధిలో ఎవరో పిలిచినట్టు, సన్నగా ఒక వాసన వచ్చింది. ముక్కుగారు కత్తి ఆపేశాడు. మళ్ళీ వచ్చింది. నిమ్మకాయే. ధనియాల డబ్బా తీశాడు, ఉంది. మిరియాలకు ఉంది. పరుగెత్తి గదిలోకి వెళ్ళి బీరువా తెరిచాడు. తెరిచినవాడు తెరిచినట్టే వెనక్కి రెండడుగులు వేసి మంచం మీద కూలబడ్డాడు. ఉతికి ఆరేసి మడతపెట్టిన చొక్కాల్లోంచి కూడా కర్పూరం ఉప్పెనలా వచ్చి మీదపడింది. దుప్పట్లకు ఉంది. పరుపుకు ఉంది. ఇంత వాసనలో తన పక్కన ఆవిడ ఇన్నాళ్ళు ఎలా నిద్రపోయిందో ఆయనకు అర్థం కాలేదు. కళ్ళవెంట నీళ్ళు కారాయి. సగం ఘాటుకు, సగం సంతోషానికి.

సంతోషం కాస్త సర్దుకున్నాక ఇంకో ఆలోచన వచ్చింది. ముక్కు వచ్చిందంటే ఫ్యాక్టరీకి వెళ్ళాలి. ఫ్యాక్టరీకి వెళ్ళాలంటే ఆ బస్సెక్కాలి, పెట్టెలు సర్దే ఆడవాళ్ళ ముందునుంచి నడవాలి. పైగా ఈ మధ్య భోజనమయ్యాక ఒక కునుకు తీయడం అలవాటైంది. ఇంకో నాలుగు రోజులు ముక్కు రాకపోతే కొంపలేమీ మునగవు. వాసన రావడం లేదన్న మొహం ఎలా ఉంటుందో ఆయనకు బాగా అలవాటే. ఈసారి అమ్మకు కూడా చెప్పకూడదని నిశ్చయించుకుని, నిమ్మకాయ మిగతా సగం కోసి, వంట పూర్తిచేశాడు.

సాయంత్రం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ముక్కుగారు కర్రలా మొహం పెట్టుకుని వడ్డించాడు. ఏదో తేడాగా ఉందేమో, తనకైతే ఏమీ తెలియడం లేదని పనిగట్టుకుని నిట్టూర్చాడు కూడా. టీచరమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. మళ్ళీ నమిలి, మింగి, మంచినీళ్ళ గ్లాసును పక్కకు జరిపింది.

"రేపు ఫ్యాక్టరీకి వెళ్ళండి" అంది.

"ఎలా వెళ్ళను? ముక్కు ఇంకా..."

"పోపు మాడలేదు."

ముక్కుగారు కూర వైపు చూశాడు. వండేటప్పుడు ఆవాలు చిటపటలాడి ఆగిన క్షణాన, పోపు ఘుమాయించగానే చెయ్యి దానంతటదే వెళ్ళి పొయ్యి కట్టేసింది. చెయ్యి చేసిన పని మొహానికి తెలియలేదు. ఏదో అదృష్టం కొద్దీ కుదిరిందని గొణిగాడు. పెద్దావిడ అప్పటికే రెండోసారి కూర వేసుకుని, తలవంచుకుని శ్రద్ధగా తింటోంది. ఇక అదృష్టం మాట నిలబడలేదు.

"సరే, వెళ్తాను" అన్నాడు.

"వెళ్ళండి. సాయంత్రం మాత్రం ఒక బస్సు ముందుది పట్టుకోండి" అంది టీచరమ్మ ఇంకో ముద్ద కలుపుకుంటూ. "చెయ్యి ఇప్పుడిప్పుడే తిరుగుతోంది, మధ్యలో ఆపితే పాడైపోతుంది. పొద్దుటి వంట నాది, సాయంత్రం కూర మీది."

ముక్కుగారు తల్లి వైపు చూశాడు. పెద్దావిడ ఆయన మొహం చూడకుండా కంచం ముందుకు జరిపింది. ఆయన గరిటె తీసుకుని ఆవిడకు ఇంకొంచెం కూర వడ్డించాడు.